ఉంగరపు వేలి మొదట్లో నొప్పి: బల్ల దించు, బకెట్ ఎత్తు

తమ్ముడూ,

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మందస పక్క పల్లె, డిగ్రీ రెండో ఏడు, వయసు 20. హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లో ఉన్న నెల రోజుల్లో వాల్ మీద, అంటే పట్టులు బిగించిన కృత్రిమ గోడ మీద, క్లైంబింగ్ నేర్చుకుని, ఎనిమిది నెలలుగా ఊరి వెనక రాళ్లు ఎక్కుతున్నావు. గుమ్మం మీద టేకు చెక్కతో 15 మిల్లీమీటర్ల అంచు బిగించి రోజూ వేలాడుతున్నావు. మూడు వారాలుగా కుడి ఉంగరపు వేలి మొదట్లో నొప్పి. బరువు తగ్గితే పట్టు పెరుగుతుందని ఎవరో చెబితే రాత్రి భోజనం మానేసి 61 కిలోల నుంచి 55కి వచ్చావు. నొప్పి బిళ్ళ వేసుకుని ఎక్కొచ్చా, ప్రొటీన్ పౌడర్ ఏది మంచిది, డిసెంబరు చివర పోటీకి వెళ్లొచ్చా అని అడిగావు. పనిలో పనిగా ఇంకో మాట కూడా రాశావు: "మా నాన్న ముప్పై ఏళ్లుగా కొబ్బరి చెట్లు ఎక్కుతున్నాడు. ఒక్క వేలూ నొప్పి పుట్టలేదు. నాకే ఎందుకిలా అన్నా?"

ముందు ఆ మాటకే జవాబు చెబుతాను. అది అర్థమైతే మిగతా ప్రశ్నలు సగం తేలిపోతాయి.

రేపు పొద్దున్న మీ నాన్న చెట్టెక్కేటప్పుడు కింద నిలబడి చేతులు మాత్రమే చూడు. అరచేయి మొత్తం మానుకు ఆనుతుంది. వేళ్లు కొంచెమే వంగి ఉంటాయి. ఒంటి బరువును పైకి నెట్టేది కాళ్లు, ఆ కాళ్లకు వేసిన తాడు. చేతులు చేసేది ఒంటిని మానుకు దగ్గరగా పట్టి ఉంచడం, అంతే. నువ్వు చేస్తున్నదేమిటి? 55 కిలోల ఒంటిని తీసుకెళ్లి ఎనిమిది వేళ్ల కొసల మీద, ఒక్కో వేలి కొస మాత్రమే పట్టేంత అంచు మీద, రోజూ వేలాడదీస్తున్నావు. మీ నాన్న ఎక్కుతున్నాడు, నువ్వు వేలాడుతున్నావు. రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే తేడా వచ్చింది.

వేలి లోపల ఏముందో చెబుతాను. భావనపాడు వైపు ఒడ్డున రీలు గాలం కర్ర పట్టుకుని కూర్చునేవాళ్లను చూసే ఉంటావు. కర్ర పొడవునా చిన్న రింగులుంటాయి, దారం వాటిలోంచి పోతుంది. చేప లాగినప్పుడు కర్ర వంగినా దారం కర్రను అంటిపెట్టుకునే ఉంటుంది, రింగుల వల్లే. ఒక రింగు ఊడిందనుకో, అక్కడ దారం కర్రను వదిలి వింటినారిలా ఎడంగా వచ్చేస్తుంది. వేలు కూడా సరిగ్గా ఇంతే. ముంజేతి కండ నుంచి వచ్చే టెండన్ దారం, వేలి ఎముక కర్ర. టెండన్‌ను ఎముకకు కట్టి ఉంచే రింగుల్లాంటి పట్టీలను పుల్లీలు అంటారు. బొటనవేలు తప్ప ప్రతి వేలికీ ముఖ్యమైనవి ఐదు, ఏ1 నుంచి ఏ5 దాకా. వేలి మొదటి కణుపులో ఉండేది ఏ2, నడిమి కణుపులో ఉండేది ఏ4. రాళ్లెక్కేవాళ్లకు ఎక్కువగా దెబ్బతినేవి ఈ రెండే, అదీ ఎక్కువగా ఉంగరపు వేలిలోనూ మధ్య వేలిలోనూ. నువ్వు చెప్పిన చోటు సరిగ్గా ఏ2 చోటు.

ఇక క్రింప్ సంగతి. సన్నటి అంచు దొరికితే చెయ్యి తనంతట తానే క్రింప్‌లోకి వెళ్తుంది. నడిమి కీలు నిలువుగా మడత పడుతుంది, కొస కీలు వెనక్కి విరుచుకుంటుంది, బొటనవేలు పైనుంచి తాళం వేస్తుంది. పట్టు గట్టిగా అనిపిస్తుంది, నిజంగానే గట్టిగా ఉంటుంది కూడా. కానీ కీలు అంత మడతపడినప్పుడు టెండన్ ఎముకను వదిలి బయటికి రావాలని చూస్తుంది, ఆ తోపునంతా కాచేది ఏ2. అదే అంచును వేళ్లు చాచి, కొసలు మాత్రం ఆనించి ఓపెన్ హ్యాండ్‌తో పట్టుకుంటే ఏ2 మీద పడే బరువు ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. మొదట్లో ఓపెన్ హ్యాండ్ పట్టు జారిపోతున్నట్టు ఉంటుంది, అందుకే కొత్తవాళ్లకు నచ్చదు. నాకూ నచ్చలేదు.

నా సంగతీ చెప్పాలి. 2006లో ఉత్తరకాశీలో 28 రోజుల పర్వతారోహణ బేసిక్ కోర్సు చేసి వచ్చాక నాకు నేను పెద్ద క్లైంబర్‌ననే అనుకున్నాను. 2011 జనవరిలో విజయనగరం వైపు ఒక గుట్ట మీద, చలికి రాయి బాగా పట్టిస్తోంది కదా అని వార్మప్ లేకుండానే ఎడమ చేత్తో ఒక సన్నటి అంచును క్రింప్ పట్టి, పాదం జారి, బరువంతా ఆ చేతి మీద వేశాను. చీపురుపుల్ల విరిచినట్టు 'టప్'మంది. కింద ఉన్న స్నేహితుడికి కూడా వినపడింది. వేలు గంటలో వంకాయలా ఉబ్బింది. ఊళ్లో కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లారు. "నరం పక్కకెళ్లింది బాబూ, ఏటీ అవదు" అని నూనె రాసి, వేలు పట్టి లాగి, వారం రోజులు రోజూ మర్దనా చేశాడు. తగ్గాల్సింది పెరిగింది. తర్వాత ఒక ఆస్పత్రికి వెళ్తే ఎక్స్‌రే తీసి, ఎముక బాగుందని నొప్పి బిళ్ళలు రాసి పంపేశారు. ఎముక బాగానే ఉంది మరి, తెగింది పుల్లీ. అది ఎక్స్‌రేలో కనపడదు. నెలన్నర తర్వాత ఇంకో చోట అల్ట్రాసౌండ్ తీసిన డాక్టరు, వేలిని వంచి నొక్కమని చెప్పి, తెర మీద టెండన్‌కూ ఎముకకూ మధ్య పెరిగిన ఎడం చూపించాడు. అప్పుడు తెలిసింది సంగతి. మళ్లీ మనసారా ఎక్కడానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది. మొదటి వారంలోనే సరిగ్గా చూపించుకుని ఉంటే మూడు నెలల్లో తేలిపోయేదేమో.

అందుకే నీకు మొదటి మాట: వేలిని ఎవరి చేతా లాగించకు, రుద్దించకు.

ఇప్పుడు నీ వేలు చూద్దాం. నీకు 'టప్'మనే చప్పుడు రాలేదన్నావు, వాపు కొంచెమే అన్నావు, గ్లాసు పట్టుకుంటే నొప్పి లేదు, క్రింప్ పడితే ఉంది అన్నావు. ఇవి నిజమైతే ఇది చాలావరకు మొదటి రకం, అంటే పుల్లీ సాగి నలిగింది, తెగలేదు. ఈ గాయాలను నాలుగు గ్రేడులుగా చూస్తారు. మొదటిది ఇది. రెండోది ఏ4 పూర్తిగా తెగడం, లేదా ఏ2 కొంత తెగడం. మూడోది ఏ2 పూర్తిగా తెగడం. నాలుగోది ఒకటికి మించి తెగడం, సాధారణంగా ఆపరేషన్ దాకా వెళ్లేది అదే. మొదటి మూడూ మామూలుగా కోత లేకుండానే మానుతాయి, ఓపిక ఉంటే. కానీ నేను డాక్టర్ని కాను, ఇక్కడ కూర్చుని నీ వేలిని తాకి చూడలేను. వేలి అడుగున నల్లగా కమిలినా, పూర్తిగా మడవలేకపోయినా, వేలు వంచి నొక్కినప్పుడు చర్మం కింద తాడులా ఏదో పైకి లేచినట్టు కనపడినా ఈ సమాధానం ఇక్కడితో ఆపి, చేతి గాయాలు చూసే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లు. "పుల్లీ చూడండి, అల్ట్రాసౌండ్ కావాలేమో" అని నువ్వే నోరు తెరిచి అడుగు. మన వైపు ఈ గాయం అరుదు. చెప్పకపోతే ఎక్స్‌రే దగ్గరే ఆగిపోతారు.

మొదటి రకమే అయితే ఇవాళే ఆ టేకు బల్ల దించేయి. రెండు వారాలు క్రింప్ లేదు, వేలాడటం లేదు. వేలిని కట్టి కదలకుండా ఉంచమని కాదు. మామూలుగా వంచుతూ చాస్తూ ఉండు, అన్నం కలుపుకో, పని చేసుకో. కదలికతోనే మానుతుంది.

ఆ తర్వాత మొదలయ్యేది బకెట్. ఇది నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, ఖర్చు లేని వైద్యం. 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్ ఒకటి తీసుకో. జానెడు పొడవు చెక్కముక్కకు 20 మిల్లీమీటర్ల లోతున్న అంచు చేయించు, కొసను గరుకు కాగితంతో బాగా గుండ్రంగా రుద్దు, లేకపోతే చర్మం తెగుతుంది. ఆ చెక్కకు తాడు కట్టి బకెట్ పిడికి తగిలించు. లీటరు నీళ్లంటే కిలో బరువు, కాబట్టి నీ దగ్గర తూకం ఉన్నట్టే. 5 లీటర్లతో మొదలుపెట్టు. నిలబడి, చెయ్యి కిందికి చాచి, నాలుగు వేళ్లనూ ఓపెన్ హ్యాండ్‌లో అంచుకు ఆనించి, బకెట్‌ను నేల మీంచి బెత్తెడు ఎత్తి 10 సెకన్లు పట్టుకో. దించు. రెండు నిమిషాలు ఆగు. ఇలా ఐదారుసార్లు, రోజు విడిచి రోజు. నొప్పికి పదికి మార్కులు వేసుకో. రెండు దాటితే నీళ్లు పారబోయి. అసలు పరీక్ష మర్నాడు పొద్దున్న. నిద్ర లేవగానే వేలి మొదట్లో నొక్కి చూడు. నిన్నటికంటే ఎక్కువ నొప్పి ఉంటే నిన్న ఎత్తింది ఎక్కువైనట్టు. లేకపోతే ఈసారి ఒక లీటరు కలుపు. ఒక్క లీటరే, పండగ వచ్చిందని మూడు కాదు.

బకెట్ నిండా నీళ్లతో ఒంటిచేత్తో నొప్పి లేకుండా ఎత్తగలిగిన రోజున, మళ్లీ 5 లీటర్లకు దిగి హాఫ్ క్రింప్‌తో మొదలుపెట్టు. అంటే నడిమి కీలు మడిచి, బొటనవేలి తాళం వేయకుండా. నోట్‌బుక్‌లో తేదీ, లీటర్లు, మర్నాటి మార్కు రాసుకో. నా నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది. ఒక పేజీలో "11 లీ., 4 మార్కులు, బుద్ధి లేదు" అని రాసుకున్నాను.

టేపు గురించి అడిగావు. వేలి చుట్టూ ఉంగరంలా చుట్టే టేపు కంటే హెచ్ ఆకారం టేపు మేలు. సాగని తెల్ల టేపు, మెడికల్ షాపులో దొరికేది, 10 సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పు ముక్క తీసుకో. రెండు వైపుల నుంచీ నిలువుగా మధ్యకు చీల్చి, నడుమ ఒక సెంటీమీటరు చీల్చకుండా వదులు. ఆ నడిమి భాగం నడిమి కీలు కింద, అరచేతి వైపు రావాలి. కింది రెండు కాళ్లను మొదటి కణుపు చుట్టూ చుట్టి, వేలు కొంచెం వంచి, పై రెండిటిని నడిమి కణుపు చుట్టూ చుట్టు. గోరు నీలం రంగు తిరిగితే బిగువు ఎక్కువైంది. మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాక మూడు నెలల పాటు ఈ టేపు వాడుకో. అయితే బాగున్న వేళ్లకు ముందుజాగ్రత్తగా టేపు చుట్టుకుని "నాకేం కాదులే" అనుకోవడం మాత్రం ఒట్టి భ్రమ.

అంతా సవ్యంగా జరిగితే నాలుగో వారంలో పెద్ద పెద్ద పట్టులున్న తేలికైన రాళ్లు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు పూర్తి క్లైంబింగ్. అంటే డిసెంబరు మొదటి వారానికి వేలు మానుతుంది. పోటీకి మాత్రం తయారు కాదు. మానడం వేరు, తయారవ్వడం వేరు.

ప్రశ్న చివర్న మీ తమ్ముడి ఊసు ఒకటి రాశావు, 14 ఏళ్ల వాడు కూడా నీతో పాటు ఆ బల్లకు వేలాడుతున్నాడని. నీ వేలి కంటే నాకు అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఎదిగే పిల్లల వేళ్లలో ఎముక కొస దగ్గర ఇంకా గట్టిపడని పెరుగుదల పొర ఉంటుంది. వాళ్లకు పుల్లీ కంటే ముందు విరిగేది అదే. 13 నుంచి 16 ఏళ్ల మధ్య ఇది మరీ ఎక్కువ. మధ్య వేలి నడిమి కీలు మీద, పై వైపు నొప్పి అంటే దాన్ని "పట్టేసింది" అని వదిలేయకూడదు, ఎక్స్‌రే తీయించాల్సిందే. పట్టించుకోకపోతే వేలు వంకరగా పెరుగుతుంది. వాణ్ని రాళ్లెక్కనీ, చెట్లెక్కనీ, కాలవలో ఈదనీ. వేలాడే బల్ల, క్రింప్ మాత్రం 18 నిండే దాకా వద్దు.

వేలు మానాక ఎలా సాధన చేయాలో ఇప్పుడు. నీ తప్పు తక్కువ చేయడం కాదు, విడవకుండా చేయడం. కండకు రక్తం బాగా అందుతుంది, రెండు మూడు నెలల్లో బలం వస్తుంది. టెండన్లకూ పుల్లీలకూ రక్తం తక్కువ, అవి గట్టిపడటానికి ఏళ్లు పడుతుంది. ఎనిమిదో నెలలో నీ వీపు, నీ ముంజేయి "ఎక్కేద్దాం" అంటాయి. పుల్లీలు ఇంకా నిన్నగాక మొన్న వచ్చినవాళ్లే. కనీసం రెండేళ్లు ఎక్కాక గానీ బల్ల జోలికి పోకు. పోయినా వారానికి రెండుసార్లు, మధ్యలో రెండు రోజుల ఎడం.

వారంలో రెండు రోజులు రాళ్లు చాలు. వెళ్లగానే మీద పడిపోకు. అరగంట ముందు పరుగు, భుజాలు తిప్పడం, తర్వాత పెద్ద పట్టులతో అటూ ఇటూ వందసార్లు చేతులు మార్చేంత తేలిక ఎక్కుడు. పుల్లీలు వేడెక్కి కాస్త సాగేది అప్పుడే. నేను 2011లో ఎగ్గొట్టింది సరిగ్గా ఆ అరగంటనే.

ఆ తర్వాత ఒక గంట చేతుల సంగతి మరిచిపోయి కాళ్ల మీద పని చేయి. నీ వీడియో చూశాను. పాదాన్ని రాయి మీద టపటపా కొడుతూ చోటు వెతుకుతున్నావు, మోచేతులు ఎప్పుడూ మడిచే ఉన్నాయి. ఒక ఆట ఆడు: పాదం పెట్టేటప్పుడు చప్పుడు రాకూడదు. వస్తే దిగి మళ్లీ మొదటి నుంచి. చప్పుడు లేకుండా పెట్టాలంటే పాదం ఆనేదాకా కన్ను దాని మీదే ఉండాలి, మనం సాధారణంగా ముందే చూపు పైకి తిప్పేస్తాం. మోచేతులు చాచి, నడుము రాయికి దగ్గరగా తెచ్చి, మోకాళ్లతో లే. ఇక్కడ మళ్లీ మీ నాన్నే గురువు. కాలు స్థిరపడే దాకా ఆయన చేయి కదపడు, గమనించు. ఎక్కినదాన్ని ఎక్కిన దారినే దిగడం కూడా అలవాటు చేసుకో. దిగడంలో పాదాలకు వచ్చే తెలివి ఎక్కడంలో రాదు.

మిగతా రోజుల్లో రెండు రోజులు బలం. రాళ్లెక్కేవాళ్లు ఎప్పుడూ లాగుతూనే ఉంటారు, తొయ్యరు. దాంతో భుజాలు ముందుకు వంగి, ఏదో ఒక రోజు భుజమో మోచేతి లోపలి వైపో పట్టేస్తుంది. దండీలు, బరువు తలపైకి ఎత్తడం, రబ్బరు బ్యాండుతో మోచేయి పక్కటెముకలకు ఆనించి చేతిని బయటికి తిప్పడం, ఈ మూడూ మానకు. వేళ్లు మూసే కండలకు ఎంత పని చెబుతున్నావో తెరిచే కండలకూ అంత చెప్పాలి. బియ్యం డబ్బాలో మణికట్టు దాకా చెయ్యి దూర్చి లోపల వేళ్లు విప్పి మూస్తూ ఉండు, రెండు నిమిషాల్లో ముంజేయి మండిపోతుంది. అమ్మ తిడితే ఊక వాడు.

బరువులెత్తడం ఎవరు నేర్పుతారు అంటావేమో. మన వైపు దానికి కొదవా? ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. విజయనగరం జిల్లా కొండవెలగాడలో ఇప్పటికీ ఇంటికో లిఫ్టర్ ఉన్నట్టే ఉంటుంది. కోడి రామ్మూర్తి నాయుడి పేరు చెప్పుకుని మీసం మెలేసే జనం మనం. పాత లిఫ్టర్ ఎవరి దగ్గరికైనా వెళ్లి డెడ్‌లిఫ్ట్, ప్రెస్ సరిగ్గా నేర్పమని అడుగు. ఒక టీ తాగించు చాలు. ఇంకో లాభం, వాళ్లు చేతికి రాసుకునే పొడి, నువ్వు రాసుకోవాల్సిన పొడి ఒకటే, మెగ్నీషియం కార్బొనేట్. ముఖానికి రాసుకునే పౌడర్ జారుతుంది, బడి సుద్దముక్క వేరే సరుకు. రెండూ వద్దు.

తిండి దగ్గరికి వద్దాం. రాత్రి భోజనం ఇవాళ్టి నుంచి మళ్లీ మొదలుపెట్టు. ఎనిమిది నెలల్లో ఆరు కిలోలు తగ్గిన 20 ఏళ్ల కుర్రాడు, రోజూ వేళ్లను నలగ్గొట్టుకుంటూ, వాటిని బాగు చేసుకోవడానికి కావలసిన సరుకు లోపలికి పంపకపోతే మానేదెలా? బరువు తగ్గిన కొత్తలో రాయి మీద తేలిగ్గా అనిపిస్తుంది, అబద్ధం చెప్పను. ఆ సంబరం కొన్ని వారాలే. తర్వాత నిద్ర పట్టదు, చలి ఎక్కువేస్తుంది, చిరాకు, చిన్న దెబ్బ కూడా మానదు. ఎముక పలచబడుతుంది. అమ్మాయిలకైతే నెలసరి ఆగిపోతుంది. మూడు నెలలు రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. చేసే శ్రమకు తగినంత తినకపోవడం వల్ల ఒళ్లంతా కుంటుపడటం అన్నమాట. టోక్యో, పారిస్ రెండు ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం గెలిచిన స్లొవేనియా క్లైంబర్ యాన్యా గార్న్‌బ్రెట్ కూడా మా ఆటలో ఇది పెద్ద సమస్య అని 2023లో బాహాటంగానే మాట్లాడింది.

ఎంత తినాలి? నీ బరువుకు రోజుకు 80 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది, అంటే కిలో ఒంటి బరువుకు ఒకటిన్నర గ్రాము చొప్పున. డబ్బా ప్రొటీన్ లేకుండా మన వంటింట్లో అది వస్తుందా చూద్దాం. మూడు గుడ్లు 18 గ్రాములు. అరలీటరు పాలు, పెరుగు కలిపి 16. రెండు పూటలా ముద్దపప్పో ఉలవచారో, పప్పు 60 గ్రాములైతే 13. వంద గ్రాముల చేప 20 దాకా. గుప్పెడు వేరుశనగ గుళ్లు, 50 గ్రాములు, 12. రోజంతా తినే అన్నం, పావుకిలో బియ్యం, అందులోనే 16 దాకా వస్తుంది. కూడితే 95. పౌడర్ డబ్బా డబ్బుతో మంచి షూ వస్తుంది, అది కొను. పలాస పక్కనే కదా అని జీడిపప్పు మీద పడిపోకు. మంచిదే, కానీ ప్రొటీన్ కంటే కొవ్వు ఎక్కువ. నీకు ఇప్పుడు బరువు పెరగాలి కాబట్టి గుప్పెడు తిన్నా తప్పులేదు.

అన్నం మానమని చెప్పేవాళ్ల మాట వినకు. రాయి మీద గట్టి కదలికకు కావలసిన ఇంధనం పిండి పదార్థమే. ఎక్కే రోజు పొద్దున్న చద్దన్నం పెరుగుతో, ఉల్లిపాయ నంజుకుని, గంటన్నర ముందు. లేదా చోడి (రాగి) అంబలి మజ్జిగతో. చోళ్లలో వంద గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, ఎముకలకు అంతకంటే చవకైన మందు లేదు. మధ్యలో అరటిపండు, బెల్లం ముక్క. జెలటిన్ (ఎముకలు, చర్మం ఉడికిస్తే వచ్చే జిగురు), విటమిన్ సి కలిపి వ్యాయామానికి గంట ముందు తీసుకుంటే టెండన్లకు మేలని 2017లో ఒక చిన్న పరిశోధన వచ్చింది. ఆశాజనకమే గానీ ఇంకా గట్టి రుజువు కాదు. మేకకాళ్ల పులుసు, ఉసిరికాయ పచ్చడి తింటే నష్టం లేదు కదా అని నేను తింటుంటాను. అది నా నాలుక చెప్పే సైన్సు.

ఇక నువ్వు మందస వాడివి కాబట్టి, వేరే జిల్లా కుర్రాడికి రాసినట్టు ఈ భాగం రాయలేను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి నీకు నేను చెప్పాలా? మీ వీధిలోనే డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఉంటారు. ఆ జబ్బుకు కారణం ఇదీ అని తేలలేదు. కానీ ఉన్న కిడ్నీని పాడుచేసేవి కొన్ని తేలినవే. నొప్పి బిళ్ళలు అందులో ముందు వరసలో ఉంటాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో మూడు గంటలు చెమటోడ్చి, నీళ్లు సరిగ్గా తాగక, దాని మీద ఆ బిళ్ళ వేసుకోవడం కంటే పెద్ద తప్పు లేదు. షాపులో అడిగి కొనుక్కుని వేసుకుంటున్నావు చూడు, అది ఇవాళే ఆపు. కిడ్నీ మాట పక్కన పెట్టినా, నొప్పి నీ వేలు నీతో మాట్లాడే భాష. దాని నోరు నొక్కేసి రాయెక్కితే మొదటి గ్రేడు మూడో గ్రేడు అవుతుంది.

తిండి పెంచే ముందు ఒకసారి పలాసలోనో మండల ఆస్పత్రిలోనో రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకో. రెండూ బాగుంటే పైన చెప్పిన లెక్క ధైర్యంగా తిను. ఏదైనా తేడా ఉంటే ప్రొటీన్ ఎంతో డాక్టరే చెప్పాలి, నేను కాదు. జిమ్ కుర్రాళ్లు చెప్పే క్రియాటిన్ పొడి కూడా ఈ పరీక్షకు ముందు ముట్టకు, అది క్రియాటినిన్ అంకెను పెంచి లేనిపోని గందరగోళం చేస్తుంది.

నీళ్ల విషయంలో మన కోస్తా ఉక్కను తక్కువ అంచనా వేయకు. చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, సమంగా కొలిచిన చిన్న చెంచాలు, కలిపి తీసుకెళ్లు. కొబ్బరినీళ్లు మీ ఇంట్లోనే ఉన్నాయి, మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, చెమటలో పోయేది ఎక్కువగా సోడియం. అందుకే ఉప్పు వెయ్యి. కిడ్నీ పరీక్ష తేడాగా వస్తే కొబ్బరినీళ్లు కూడా డాక్టర్ని అడిగే తాగాలి. మార్చి నుంచి జూన్ దాకా పగలు ఎక్కకు. చెమటకు జారే అంచును గట్టిగా పట్టబోయి మళ్లీ క్రింప్‌లోకే వెళ్తావు.

ఇంకో మూడు నాలుగు మాటలు, గబగబా. మన కొండల్లో ఎక్కువగా కనపడే ఎర్రటి ఖొండలైట్ రాయి వానకు గుల్లబారి పెచ్చులుగా ఊడుతుంది. పట్టుకునే ముందు కణుపుతో కొట్టి చూడు, డొల్ల చప్పుడు వస్తే వదిలెయ్. పడితే దెబ్బ తగలకుండా నేల మీద కొబ్బరి పీచు పరుపు వేసుకుంటున్నానన్నావు, అది గట్టిగా ఉంటుంది, అంచు మీద పడితే మడమ మెలిపడుతుంది. కనీసం గట్టి ఫోమ్ పైన, మెత్తటి ఫోమ్ కింద వేసి కుట్టించు. పడేటప్పుడు మోకాళ్లు వంచి వీపు మీదికి దొర్లు, చెయ్యి వెనక్కి ఊనకు, మణికట్టు పోతుంది. తేనెపట్టు ఉన్న రాతి ముఖం కిందికి కూడా వెళ్లకు. మీ వైపు జీడితోటల్లో ఎలుగుల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. తెల్లవారుజామున ఒంటరిగా వెళ్తున్నానని రాశావు, అది చదివి భయమేసింది. తెల్లారాక, ఇద్దరు ముగ్గురు కలిసి, మాట్లాడుకుంటూ వెళ్లండి.

తాడు గురించి కూడా అడిగావు, రేవులో దొరికే నైలాన్ తాడు లావుగా ఉంది, పనికొస్తుందా అని. రాదు. క్లైంబింగ్ తాడు పడినప్పుడు సాగి ఆ కుదుపును తాను మింగుతుంది, పడవ తాడు ఆ కుదుపంతా నీ నడుముకే ఇస్తుంది. సరైన తాడు, నడుముకు కట్టుకునే హార్నెస్, నేర్పే మనిషి, ఈ మూడూ కుదిరేదాకా నీ తలకంటే ఎత్తున పాదాలు పెట్టే రాళ్ల జోలికి పోకు.

పోటీ డిసెంబరు చివర కదా. వెళ్లు, పేరు మాత్రం ఇవ్వకు. రెండు రోజులు కింద నిలబడి, గెలిచేవాళ్ల పాదాలు చూసి రా. ఈలోగా పరీక్షల రిపోర్టు వచ్చాక, నాలుగు వారాల బకెట్ లెక్కతో కలిపి ఇక్కడే రాయి. లీటర్లు, మర్నాటి మార్కులు రెండూ ఉండాలి. ఆ అంకెలు చూశాకే జనవరి సంగతి మాట్లాడదాం.